వరి చేలో సూది తూనీగలు: గుర్తించుట, ఫొటో తీయుట

వరి ఊడ్చి పైరు కుదురుకొన్న తరువాత, ఉదయము పూట గట్టు మీద కూర్చుండి దుబ్బుల నడుమకు చూచినచో, సన్నని పుల్లకు రెక్కలు మొలిచినట్లుండు చిన్న పురుగులు నీటికి జానెడెత్తున ఎగురుచు కనపడును. వానిలో కొన్ని ఆకుపచ్చనివి, కొన్ని పసుపుపచ్చనివి, కొన్ని నీలము రంగువి, కొన్ని ఎర్రనివి. పిల్లలు వీనిని కూడ తూనీగలనియే పిలుతురు. తూనీగల కుటుంబములోనివే గాని ఇవి పెద్ద తూనీగలు కావు. ఈ వ్యాసములో వీనిని సూది తూనీగలందుము. పైరు మీది దోమలను, చిన్న రెక్కల పురుగులను పట్టి తినును గనుక ఇవి రైతునకు మిత్రులు.

దోమ కనపడగానే దుకాణమునకు పోయి మందు తెచ్చి కొట్టుట చాల గ్రామములలో పరిపాటి. ఆ మందునకు ఎకరమునకెంత ఖర్చయినదో రైతునకు తెలియును. ఆ మందుతో ఎన్ని మిత్ర పురుగులు చచ్చినవో మాత్రము ఏ లెక్కకును రాదు. ఏలయన వానిని ముందుగా చూచినవారు లేరు. లేని ఆస్తి పోయినదని ఎవరును విచారింపరు గదా! కాబట్టి ముందు చూడవలెను, గుర్తింపవలెను, వ్రాసి ఉంచవలెను. నేడు చాలమంది రైతుల చేతిలో కెమెరా గల ఫోను ఉన్నది. మార్కెట్టు ధరలు తెలిసికొనుటకు పనికివచ్చు ఆ ఫోనే ఈ పనికి కూడ చాలును.

పెద్ద తూనీగకు, సూది తూనీగకు భేదము

రెండింటికిని ఉన్న భేదములను మూడు గుర్తులతో తెలిసికొనవచ్చును.

1. రెక్కలు: పెద్ద తూనీగ వ్రాలినప్పుడు రెక్కలను విమానమువలె ఇరుప్రక్కలకు చాచి ఉంచును. సూది తూనీగ తన నాలుగు రెక్కలను వీపు మీద చేతులు జోడించినట్లు దగ్గరకు చేర్చి ఉంచును. సగము విప్పి కూర్చుండు జాతులు కొన్ని మాత్రమే. పెద్ద తూనీగ వెనుక రెక్కలు మొదట వెడల్పుగా ఉండును. సూది తూనీగ నాలుగు రెక్కలును ఒకే తీరున ఉండును.

2. కండ్లు: పెద్ద తూనీగల కండ్లు చాల జాతులలో తల మీద ఒకదానినొకటి తాకుచుండును. సూది తూనీగ కండ్లు కావడి బద్దకు రెండు కొసల కట్టిన కుండలవలె ఎడముగా ఉండును.

3. ఎగురు తీరు: పెద్ద తూనీగ పైరు మీదుగా వేగముగా తిరుగును. సూది తూనీగ పైరు లోపల, దుబ్బుల సందున, మెల్లగా ఒక ఆకు నుండి మరియొక ఆకునకు పోవును. మనకు ముఖ్యమైన గుర్తు ఇదియే. ఎందుకో ముందు చెప్పుదుము.

పుట్టుక, పెరుగుదల

ఆడది తన తోక చివరనున్న కత్తివంటి అవయవముతో నీటి మొక్కల కాడలను, ఆకులను చీల్చి లోపల గ్రుడ్లు పెట్టును. కొన్ని జాతులలో మగది ఆడదాని మెడను తోక కొసతో పట్టుకొని, గ్రుడ్లు పెట్టునంతవరకు వదలకుండ ఉండును. గట్టు ప్రక్క జంటగా ఎగురు తూనీగలు ఇట్టివే.

గ్రుడ్ల నుండి వచ్చు పిల్లపురుగులు నీటిలోనే పెరుగును. వీని తోక చివర ఆకువంటి మూడు మొప్పలుండును. వీనితో నీటిలో గాలి పీల్చుకొనును. క్రింది పెదవి మడతపెట్టిన చేయివలె ముఖము క్రింద దాగి ఉండును. ఎర దగ్గరకు రాగానే దానిని చటుక్కున చాచి పట్టుకొనును. మనుష్యులను కుట్టు దోమల పిల్లలు కూడ వీనికి ఆహారమే. జాతిని బట్టియు, నీటి వెచ్చదనమును బట్టియు ఒకటి రెండు నెలలో, అంతకు మించియో నీటిలో గడిపి, పలుమార్లు పొర విడిచి పెరుగును. సీతాకోక చిలుకలకు ఉన్నట్లు వీనికి ప్యూపా దశ లేదు.

ఎదుగుట ముగిసిన పిల్లపురుగు వరి కాడను పట్టుకొని నీటి పైకి ఎక్కును. వీపు చీలి రెక్కల పురుగు బయటకు వచ్చును. విడిచిన పొర కాడను అంటుకొని అచ్చటనే మిగులును. క్రొత్తగా వచ్చిన పురుగు మెత్తగా, వెలవెలబోయినట్లు ఉండును. దాని రెక్కలు మెరయుచుండును. ఒంటికి రంగు ఎక్కుటకు కొంత కాలము పట్టును. రెక్కలు వచ్చిన పిమ్మట ఇది కొన్ని వారములు మాత్రమే బ్రదుకును.

పైరులో వీని పని

సుడిదోమ దుబ్బు మొదట, నీటికి కొంచెము పైన చేరి రసము పీల్చును. పైనుండి తిరుగు పెద్ద తూనీగకు అది సులభముగా అందదు. దుబ్బుల సందున తిరుగు సూది తూనీగ ఆకుల మీదను, కాడల మీదను వ్రాలి ఉన్న చిన్న పురుగులను ఏరుకొని తినును. దాని కాళ్లకు వరుసగా ముండ్లవంటి వెండ్రుకలుండును. ఆరు కాళ్లను ముందుకు చేర్చినప్పుడు అవి చిన్న బుట్టవలె పనిచేయును. పచ్చదోమ, సుడిదోమ, ఆకుముడత రెక్కల పురుగులు దీని ఆహారములో చేరినవి.

అయితే సూది తూనీగ ఒక్కటియే దోమను ఆపునని చెప్పుట సరికాదు. సాలీళ్లు, దోమ గ్రుడ్లను పీల్చు మిరిడ్ నల్లులు, అక్షింతల పురుగులు అన్నియు కలిసి ఆ పని చేయును. సూది తూనీగ తినునది శత్రువులను మాత్రమే యని కూడ అనరాదు. తనకంటె చిన్నదై ఎదుట కదలు ప్రతిదియు దానికి ఎరయే. దాని విలువ మరియొకటి కలదు. సాలీడు నేల మీద పుట్టును. సూది తూనీగ మడి నీటిలో పుట్టి, గాలిలో బ్రదుకును. కాబట్టి నీటిలో వేసిన గుళికల మందు, ఆకు మీద కొట్టిన పిచికారి మందు రెండును దానికి తగులును. పొలము స్థితిని తెలుపుటకు ఇంత చక్కని గుర్తు మరొకటి దొరకుట అరుదు.

మన పొలములలో తరచు కనపడునవి

తూనీగలు, సూది తూనీగలు కలిపి మన దేశములో సుమారు 500 జాతులున్నవి. సైనిక వైద్య శాఖలో పనిచేసిన ఎఫ్. సి. ఫ్రేజరు 1933, 1934, 1936 సంవత్సరములలో మూడు సంపుటములలో వీనిని వర్ణించెను. రైతు అన్నింటిని తెలిసికొననక్కరలేదు. ఈ నాలుగింటితో మొదలుపెట్టవచ్చును.

పొట్టి సూది తూనీగ (అగ్రియోక్నెమిస్ పిగ్మియా): అన్నింటిలో చిన్నది. పొడవు 2 సెంటీమీటర్లకు కొంచెము అటు ఇటుగా ఉండును. మగదాని ప్రక్కలు లేత ఆకుపచ్చ, వీపు నలుపు, తోక చివర ఇటుక ఎరుపు. వయస్సులో చిన్నదైన ఆడది ఎర్రగా ఉండి తరువాత పచ్చబడును. గరికలోను, వరి దుబ్బుల అడుగునను ఉండును.

నీలి కొస సూది తూనీగ (ఇష్నురా సెనెగలెన్సిస్): తోక పై భాగము నల్లగా ఉండి చివరకు దగ్గరగా ప్రకాశించు నీలపు పట్టె ఉండును. ఆడవానిలో కొన్ని అచ్చముగా మగవానివలె ఉండును. కొన్ని నారింజ రంగున ఉండి తరువాత మాసిన రంగునకు మారును. చెరువులు, మురుగు కాలువలు, కొంత ఉప్పు గల నీరు కూడ దీనికి సరిపడును.

పసుపు సూది తూనీగ (సెరియాగ్రియాన్ కోరమాండలియానం): మగదాని తోక నిమ్మపండు రంగు. నల్లని గీతలుండవు. ఆడది మాసిన గోధుమ రంగు. 1798 లో ఫాబ్రీషియస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి పేరు పెట్టెను. మన తూర్పు తీరమునకు గల కోరమాండల్ అను పేరే దీని పేరులో నిలిచినది.

నారింజ మొగము సూది తూనీగ (సూడాగ్రియాన్ రుబ్రిసెప్స్): ముఖము నారింజ రంగు, తోక చివర నీలము. పారు కాలువల ఒడ్డున గడ్డి మీద ఎక్కువగా కనపడును.

రంగు ఒక్కటియే చూచి జాతిని నిర్ణయింపరాదు. వయస్సుతో రంగు మారును. ఆడ మగ తెలిసికొనుటకు తోక మొదలు చూడవలెను. మగదానికి రెండవ కణుపు క్రింద చిన్న ఉబ్బు ఉండును. ఆడదానికి తోక చివర క్రింది వైపు లావుగా ఉండును.

ఎప్పుడు, ఎచ్చట చూడవలెను

తెల్లవారిన తరువాత ఎండ కాయుటకు ముందు చూచుట మంచిది. రాత్రి చలికి పురుగు ఒళ్లు బిగిసి, రెక్కల మీద మంచు బిందువులుండి, త్వరగా ఎగురజాలదు. ఎండ ఎక్కిన కొలది దానికి చురుకుతనము వచ్చును. సాయంకాలము ప్రొద్దు వాలిన తరువాత కూడ చూడవచ్చును. గాలి గట్టిగా వీచునప్పుడు ఫొటో తీయుట కష్టము.

దోమ తాకిడిని తగ్గించుటకు తూర్పు పడమరలుగా ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలవలెనని సిఫారసు ఉన్నది. గాలి, వెలుతురు కొరకు వదలిన ఆ బాటయే పైరు త్రొక్కకుండ లోపలికి పోయి చూచుటకును మార్గము. గట్టు మీది గడ్డి, తుంగ, బోదె ఒడ్డు, చెరువు తూము దగ్గర కూడ చూడవలెను.

ఫొటో తీయు విధము

1. ముందు ఫోను అద్దమును శుభ్రమైన మెత్తని గుడ్డతో తుడువవలెను. చెమట, దుమ్ము అంటిన అద్దముతో తీసిన ఫొటో మసకగా వచ్చును.

2. నిలువుగా మీదికి పోరాదు. వంగి, లేక గొంతుకూర్చుండి, పురుగు ఎత్తునకు దిగి, అంగుళము అంగుళముగా జరుగవలెను. చటుక్కున చేయి కదల్చరాదు. మన నీడ దాని మీద పడినచో వెంటనే లేచిపోవును. కాబట్టి సూర్యుడు మన వెనుక ఒక ప్రక్కగా ఉండునట్లు చూచుకొనవలెను.

3. మొదట కొంత దూరము నుండి ఒక ఫొటో తీసికొని, ఆ పిమ్మట దగ్గరకు పోవలెను. ఎగిరిపోయినను ఒక ఫొటో అయినను మిగులును. ఎగిరినది తరచు కొద్ది దూరములోనే మరల వ్రాలును; తొందరపడక కన్నుతో వెంబడింపవలెను.

4. ఫోనును సూది తూనీగ ఒంటికి సమాంతరముగా పట్టవలెను. శరీరము సన్నము, పొడవు గనుక ఏటవాలుగా తీసినచో తల స్పష్టముగా ఉండి తోక మసక అగును. ప్రక్క నుండి తీసినచో తల మొదలు తోక కొస వరకు స్పష్టముగా వచ్చును.

5. తెర మీద పురుగు కన్నున్న చోట వ్రేలితో తాకినచో కెమెరా అచ్చట కుదురును. వెనుకనున్న ఆకుల మీద కుదిరినచో పురుగు కనపడదు. పురుగు వెనుక దూరముగా నీరో, నీడయో ఉండు వైపు ఎన్నుకొన్నచో ఇది సులభమగును.

6. జూమును చివరి వరకు లాగరాదు. ఫొటో పొడిపొడిగా విడిపోవును. ఫోనులో మాక్రో సదుపాయమున్న దానిని వాడవలెను. లేనిచో ఫోను అద్దము మీద తగిలించు మాక్రో అద్దములు దొరకును. వెలుగు ఎక్కువై నీలము, పసుపు రంగులు తెల్లబారినచో తెర మీద వెలుగును కొంచెము తగ్గింపవలెను. ఫ్లాష్ వాడనవసరము లేదు.

7. మోచేతులను మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, వెంటవెంటనే నాలుగైదు ఫొటోలు తీయవలెను. వానిలో ఒకటైనను నిలకడగా వచ్చును.

ఒక్కొక్క పురుగునకు నాలుగు ఫొటోలు కావలెను: ప్రక్క నుండి ఒకటి, వీపు పై నుండి ఒకటి, తోక చివర దగ్గరగా ఒకటి, అది ఉన్న మడి లేక గట్టు కనపడునట్లు ఒకటి. తోక చివరి భాగము ముఖ్యము. మగదాని తోక కొసనున్న పట్టుకొమ్మల ఆకారమును బట్టియే దగ్గరి జాతులను వేరు చేయుదురు. కొన్నింటిని ఫొటోతో నిర్ణయించుట శాస్త్రజ్ఞులకు కూడ సాధ్యము కాదు. అట్టివానిని పేరు పెట్టక వదలుటయే సరియైనది.

విడిచిన పొర: పెద్ద సాక్షి

రెక్కలున్న సూది తూనీగ ప్రక్క చెరువు నుండి వచ్చి మీ పైరులో వ్రాలి ఉండవచ్చును. దానిని చూచి మీ పొలము బాగున్నదని నిశ్చయించుటకు వీలులేదు. వరి కాడను అంటుకొని ఉన్న పొర అట్లు కాదు. అది మీ మడి నీటిలోనే పుట్టి, పెరిగి, బయటకు వచ్చినదని చెప్పు సాక్ష్యము. ఆ నీటిలో అన్ని దినములు పిల్లపురుగును చంపునంత విషము లేదని దాని అర్థము.

కాబట్టి పొరల కొరకు దుబ్బుల మొదళ్లలో తప్పక వెదకవలెను. సూది తూనీగ పొర సన్నగా ఉండి చివర ఎండిన మూడు ఆకు మొప్పలు కనపడును. పెద్ద తూనీగ పొర లావుగా ఉండి చివర పొట్టి ముండ్లుండును. పొర ఎగిరిపోదు గనుక దీని ఫొటో తీయుట చాల సులభము. ప్రక్కన పది రూపాయల నాణెము పెట్టి తీసినచో పరిమాణము తెలియును. ఆ నాణెము అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. క్రొత్తగా ఫోను పట్టినవారు దీనితో మొదలుపెట్టుట మేలు.

వ్రాసి ఉంచుట

తేదీ, చోటు లేని ఫొటో గోడకు కట్టు పటమగును గాని లెక్కకు రాదు. వారమునకు ఒక దినము, ఒకే వేళకు, ఒకే కాలిబాటలో 50 అడుగులు నెమ్మదిగా నడచి, ఇరుప్రక్కల కనపడిన వానిని లెక్కించి నోటు పుస్తకములో ఇట్లు వ్రాయవచ్చును:

“ఆగస్టు 12, ఉదయము 6-30. ఊడ్చిన 25 వ దినము. మడిలో నీరు 2 అంగుళములు. పొట్టివి 9, పసుపువి 2, జంట 1. పొరలు 3. సుడిదోమ దుబ్బుకు 4. మందు కొట్టలేదు.”

ఇట్టి పుటలు ఒక పంట కాలమునకు పదియో పన్నెండో అగును. రెండు మూడు పంటలు గడచినచో, మందు కొట్టిన తరువాత మిత్రులు ఎన్ని దినములకు మరల వచ్చుచున్నవో మీ పొలము లెక్కయే మీకు చెప్పును. ఫొటోలను ఐనేచురలిస్ట్ వంటి చోట్ల పెట్టినచో తెలిసినవారు జాతి పేరు సరిచూచి చెప్పుదురు.

మందు నిర్ణయమునకు ఇది ఎట్లు ఉపయోగపడును?

సుడిదోమ తన గ్రుడ్లను ఆకు తొడిమ లోపల పెట్టును. పైన కొట్టిన మందు ఆ గ్రుడ్లకు సరిగా తగలదు. మందుతో దోమయు, దానిని తిను పురుగులును చచ్చును. కొన్ని దినములకు గ్రుడ్లు పగిలి దోమ పిల్లలు వచ్చును. వానిని తినువారు అప్పుడు పొలములో ఉండరు. అందువలన కొట్టినకొలది దోమ పెరిగినట్లు కనపడును. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులతో ఈ ప్రమాదము అధికము.

ఇది ఒక్క గ్రామపు మాట కాదు. 1973-74 లో కేరళలో సుడిదోమ వరిని విస్తారముగా పాడుచేసినది. ఇండోనేషియాలో మందులు విరివిగా వాడినను దోమ తగ్గకపోవుటచే 1986 లో అచ్చటి ప్రభుత్వము వరి మీద 57 రకముల పురుగుమందుల వాడుకను నిషేధించెను. 1989 లో రైతులు పొలములోనే కూర్చుండి శత్రు మిత్రులను లెక్కించు బడి అచ్చట మొదలైనది. మన పొలంబడి ఆ పద్ధతి నుండి వచ్చినదే. జపానులో 1990 తరువాత వరి పొలముల ఎర్ర తూనీగలు చాల చోట్ల తగ్గిపోయినవి. నారు పెట్టెలలో వేయు ఫిప్రోనిల్ వంటి మందులు నీటిలోని పిల్లపురుగులను చంపుట ఇందుకు ఒక కారణమని పరిశోధకులు చూపిరి.

కాబట్టి మందు కొనబోవు ముందు దుబ్బులను తట్టి దోమను లెక్కింపవలెను. సాధారణముగా దుబ్బుకు 10 నుండి 15 వరకు చేరినప్పుడు మందు ఆలోచింతురు. ఆ లెక్క ప్రక్కనే మిత్రుల లెక్కయు ఉండవలెను. దోమ తక్కువగా ఉండి, సాలీళ్లు, మిరిడ్ నల్లులు, సూది తూనీగలు, వాని పొరలు కనపడుచున్నచో మూడు నాలుగు దినములు ఆగి మరల లెక్కించుటలో నష్టము లేదు. దోమ హద్దు మీరి పెరిగినచో తూనీగలున్నవని ఊరకుండరాదు. వ్యవసాయాధికారి చెప్పిన మందునే, చెప్పిన మోతాదులో, దుబ్బు మొదళ్లకు తగులునట్లు కొట్టవలెను. దోమ కొరకు మడి నీరు తీసివేయవలసి వచ్చినప్పుడు ఒక మూల చిన్న గుంతలో నీరు నిలిపినచో మిత్రుల పిల్లలకు కొంత ఆశ్రయముండును.

జాగ్రత్తలు

మందు కొట్టిన పొలములోనికి ఫొటో కొరకు వెంటనే దిగరాదు. గట్ల మీద పాములుండును; బూట్లు తొడుగుకొని, చూచి అడుగు వేయవలెను. అప్పుడే పొర విడిచిన పురుగును ముట్టరాదు. రెక్క వంగినచో ఇక ఎగురలేదు. ఫొటో కొరకు పట్టి బంధించుట, తోకకు దారము కట్టుట తగదు. పిల్లలకు దారము బదులు ఫోను చేతికిచ్చి, ఎవరు ఎక్కువ పొరలు కనుగొందురో చూడుమనవచ్చును.

గ్రామ వ్యవసాయ సహాయకులు, విస్తరణాధికారులు రైతులు తీసిన ఫొటోలలో స్పష్టమైన వానిని ఎన్నుకొని, ఊరి పేరు, తేదీ వ్రాసి రైతు వేదిక వద్దనో, రైతు సేవా కేంద్రము వద్దనో గోడకు పెట్టుట మంచిది. శత్రు పురుగుల పటములు అచ్చట ఎన్నియో ఉండును. వాని ప్రక్కన ఆ ఊరి పొలములోనే తీసిన మిత్రుని పటము ఒకటి ఉన్నచో, మందు డబ్బా కొరకు వచ్చిన రైతు ఒక నిమిషము ఆగి చూచును. ఆ నిమిషములో అతడు తన దుబ్బులను లెక్కించితినా యని ఆలోచించుకొన్నచో ఆ పటము తన పని చేసినట్లే.